ఫ్యాక్టరీలో ఇల్లు తయారు చేయించుకోవాలంటే: స్థలం దగ్గర నుంచి గృహప్రవేశం దాకా

మాడ్యులర్ ఇల్లు, అంటే ఫ్యాక్టరీలో తయారై వచ్చి మన స్థలంలో బిగించే ఇల్లు, చవగ్గా అయిపోతుందని ఎవరైనా చెబితే అంత తేలిగ్గా నమ్మకండి. చదరపు అడుగు లెక్కన చూస్తే మన ఊరి మేస్త్రీ కట్టే ఇంటికి అటూ ఇటూగానే అవుతుంది, మంచి సరుకు అడిగితే ఇంకాస్త ఎక్కువే పడుతుంది. లాభం వేరే చోట ఉంది. ఇల్లు త్వరగా చేతికొస్తుంది. మొదట ఒప్పుకున్న ధర చివరిదాకా పెద్దగా కదలదు. గోడలు నిలువుగా, మూలలు మట్టంగా ఉంటాయి. నీళ్ళూ ఇసుకా తక్కువ పడతాయి. ఇల్లు తేలిగ్గా ఉంటుంది కాబట్టి పునాది మీద భారమూ తక్కువే. అయితే నిర్ణయాలన్నీ ముందే తీసుకుని, ఆ తర్వాత మనసు మార్చుకోని వాళ్ళకే ఇవన్నీ దక్కుతాయి. "శ్లాబు పడనీ, కిటికీల సంగతి తర్వాత చూద్దాం" అనే ఇంట్లో ఈ పద్ధతి నప్పదు. అలాంటివాళ్ళు మేస్త్రీతో కట్టించుకోవడమే సుఖం.

దిగుదామనుకుంటే, పనులు ఈ వరసలో చేసుకోండి.

ముందు ఏ రకమో తేల్చుకోండి

మాడ్యులర్, ప్రీఫ్యాబ్ అనే పేర్ల కింద మన దగ్గర రకరకాలు అమ్ముతున్నారు. తేడా తెలియకపోతే ధరలు పోల్చడమే కుదరదు. పెట్టెల రకంలో గదులకు గదులే ఫ్యాక్టరీలో తయారవుతాయి, వైరింగూ టైల్సూ బాత్‌రూమ్ సామానూ బిగించుకుని ట్రెయిలర్ మీద వస్తాయి. పలకల రకంలో సన్నటి గాల్వనైజ్డ్ ఉక్కు ఫ్రేములో, మధ్యలో ఫోమ్ నింపిన ప్యానెళ్ళో విడివిడిగా వస్తే స్థలంలో బిగిస్తారు. ప్రీకాస్ట్ కాంక్రీటు రకంలో గోడలూ శ్లాబులూ యార్డులో పోసి తెస్తారు, ఆ బరువుకీ ఆ అచ్చుల ఖర్చుకీ ఒక్క ఇంటికి గిట్టదు, పెద్ద లేఅవుట్లకే సరిపోతుంది. ఇక పాత షిప్పింగ్ కంటెయినర్ల ఇళ్ళు. 20 అడుగుల కంటెయినర్ అంటే 160 చదరపు అడుగులు. తోటలో గదికి, సైట్ ఆఫీసుకి బాగానే ఉంటుంది గానీ ఎనిమిదడుగుల వెడల్పులో కాపురం ఇరుకు.

ఇవి నిలబడతాయా అనే సందేహం పెద్దవాళ్ళకు తప్పకుండా వస్తుంది. కేంద్ర గృహనిర్మాణ శాఖ చేపట్టిన లైట్ హౌస్ ప్రాజెక్టుల గురించి వాళ్ళకు చెప్పండి. 2021 జనవరి 1న ఆరు నగరాల్లో శంకుస్థాపన చేశారు. ఒక్కో చోట ఒక్కో పద్ధతి, సుమారు వెయ్యేసి ఇళ్ళు. రాంచీలో కాంక్రీటు గదులను పెట్టెల్లా పోసి పేర్చారు, చెన్నైలో ప్రీకాస్ట్, అగర్తలాలో సన్నటి ఉక్కు ఫ్రేములు, ఇండోర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్ళు వాడారు. ఏడాదిలో పూర్తి చేయాలన్నది లక్ష్యం. చెన్నై పెరుంబాక్కంలోని 1,152 ఇళ్ళను 2022 మే 26న ప్రారంభించారు, అంటే దాదాపు 17 నెలలు పట్టింది. మధ్యలో కోవిడ్ ఉంది, అయినా అన్ని ఇళ్ళకు అది తక్కువ సమయమే. కాబట్టి కంపెనీ మనిషి "45 రోజుల్లో తాళాలు ఇస్తాం" అంటే ఆ లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో అడగండి. పర్మిషన్, పునాది, రవాణా అందులో సాధారణంగా ఉండవు.

మన దగ్గరే చూడాలంటే నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ జీఎఫ్ఆర్‌జీ (గాజు పీచు కలిపిన జిప్సమ్) పలకలతో 36 ప్రదర్శన గృహాలు కట్టించింది. ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలిపోయే జిప్సమ్‌తో చేసే 124 మిల్లీమీటర్ల మందం పలకలవి. మీరు పిలిచిన కంపెనీని కూడా వాళ్ళు కట్టిన ఇల్లు చూపించమనండి. కొత్తది వద్దు, కనీసం రెండు వానాకాలాలు చూసిన ఇల్లు చూపించమనండి.

లెక్కల కోసం ఇక్కడి నుంచి ఒక ఇంటినే తీసుకుందాం. 24 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు, రెండు పడగ్గదులు, మొత్తం 768 చదరపు అడుగులు. ఎనిమిదడుగుల వెడల్పున్న మూడు పెట్టెలుగా వస్తుంది.

దారి చూడండి

ఎనిమిదడుగులే ఎందుకంటే, మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మామూలు బండి వెడల్పు 2.6 మీటర్లు, అంటే సుమారు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. అంతకు మించితే ప్రత్యేక అనుమతి కావాలి, ఖర్చూ పెరుగుతుంది. అందుకే ఇంటి ప్లాను కన్నా ముందు దారి చూడాలి.

హైవే దిగిన దగ్గర నుంచి మీ స్థలం దాకా బైకు మీద నెమ్మదిగా వెళ్ళండి. ట్రెయిలర్ బల్ల నాలుగైదు అడుగుల ఎత్తు, దాని మీద పెట్టె పదడుగులు, వెరసి 15 అడుగులు. ఊరి కమాను ఎంత ఎత్తుంది? రైల్వే అండర్‌బ్రిడ్జి మీద ఎంత ఎత్తు రాశారు? రచ్చబండ దగ్గర మలుపులో 40 అడుగుల బండి తిరుగుతుందా? కాలువ మీది కల్వర్టు బరువు ఆపుతుందా? కరెంటు తీగలు వేలాడుతున్న చోట్ల ఫొటోలు తీసుకోండి. పెట్టెలు వచ్చే రోజు లైన్‌మన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీయించి కరెంటు ఆపించాలి కాబట్టి ముందే కరెంటు ఆఫీసులో ఏఈ గారికి దరఖాస్తు పెట్టాలి. స్థలంలో క్రేన్ కాళ్ళు చాపుకుని నిలబడడానికి గట్టి నేల కావాలి, నిన్ననే దున్నిన చేను పనికిరాదు.

దారి కుదరకపోతే దిగులు పడక్కర్లేదు. పలకల రకానికి మారండి. ట్రాక్టర్ మీద కూడా వచ్చేస్తాయి.

డ్రాయింగు మీదే పోట్లాడుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కంపెనీ "డిజైన్ ఫ్రీజ్" అనే కాగితం మీద సంతకం అడుగుతుంది. ఆ తర్వాత స్విచ్చు బోర్డు జరపాలన్నా డబ్బే. మేస్త్రీ అయితే "ఇంత దానికేముందమ్మా" అని గోడ కొట్టేసి జరుపుతాడు. ఫ్యాక్టరీలో ఉక్కు ఫ్రేము మిషను మీద కోసుకుని, బోల్టుల రంధ్రాలతో సహా వచ్చేస్తుంది. అందుకని సంతకం పెట్టే ముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. సిద్ధాంతి గారికి ప్లాను చూపించే రోజు కూడా ఇదే. సింహద్వారం ఎటు, వంటగది ఆగ్నేయంలోనేనా, మెట్లు ఎక్కడ అన్నవి ఆయన పెట్టెలు వచ్చాక చెబితే వినడానికి వీలుండదు.

గోడకూ పైకప్పుకూ వేలాడేవన్నీ రాసుకోండి. ఈ గోడల్లో ఎక్కడ పడితే అక్కడ మేకు దిగదు, వెనక ప్లేటో పట్టీయో ఉన్న చోటే బరువు ఆగుతుంది. గీజరు, టీవీ, వంటగది అల్మారాలు, అటక, ఏసీ బయటి పెట్టె, ఇన్వర్టరు, గ్యాసు పైపు రంధ్రం, కూలర్ పెట్టే కిటికీ అన్నీ చెప్పండి. హాల్లో ఉయ్యాల బల్ల వేయాలనుకుంటే దానికి విడిగా ఉక్కు దూలం డిజైన్ చేయాలి, నలుగురు ఎక్కి ఊగే బరువు లెక్కలోకి రావాలి. ఫ్యాక్టరీ తలుపులకు గడప ఉండదు, నేలకు సమంగా అల్యూమినియం పట్టీ ఉంటుంది. పసుపు రాసి బొట్టు పెట్టుకునే టేకు గడప కావాలంటే కొలతతో సహా డ్రాయింగులో వేయించండి. వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని కప్పు మీద పెట్టించకండి, పక్కన విడిగా స్టాండు వేయించుకోండి.

తర్వాత పెట్టెల అతుకులు ఎక్కడ వస్తాయో చూడండి. మన 24 అడుగుల ఇంట్లో అతుకులు రెండు, ఎనిమిదో అడుగు దగ్గర ఒకటి, పదహారో అడుగు దగ్గర ఒకటి. గదులన్నీ ఎనిమిదడుగులే చేస్తే రైలు పెట్టెలో ఉన్నట్టుంటుంది. హాలునీ పెద్ద పడగ్గదినీ రెండు పెట్టెల్లోకి సాగనిచ్చి, ఆ అతుకు మీద సీలింగులో దూలం కనిపించినా ఫర్వాలేదనుకోండి. కానీ బాత్‌రూములు, వంటగది మాత్రం ఒక్కోటి పూర్తిగా ఒకే పెట్టెలో ఉండాలి. వీలైతే అన్నీ ఒకే పెట్టెలో, ఒకే గోడకు చేరి ఉండేలా చూడండి. అప్పుడు నీటి పైపులన్నీ ఫ్యాక్టరీలోనే పూర్తయి, పరీక్ష కూడా అక్కడే అయిపోతుంది. నీళ్ళ పైపు అతుకు మీదుగా పోయిందంటే కారడానికి మీరే ఒక చోటు కల్పించినట్టు.

ఎండ సంగతి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మేలో ఈ ఇళ్ళు ఉడికిపోతాయని భయపడతారు. ఒట్టి రేకు గోడ అయితే నిజమే. పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య పాలీయూరిథేన్ ఫోమ్ నింపిన పలక) అయితే ఇటుక గోడకన్నా వేడిని బాగా ఆపుతుంది. కాకపోతే ఇటుకలా చల్లదనాన్ని దాచుకోదు, పడమటి కిటికీలోంచి గంట ఎండ పడితే చాలు, గది వేడెక్కిపోతుంది. గోడకు 50 మిల్లీమీటర్ల మందం చాలు, కప్పుకు 75 నుంచి 100 అడగండి. ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోలని కొటేషన్లో రాయించుకోండి. కొటేషన్లో ఉత్త "పఫ్" అనే మాటే ఉంటే ఏదైనా పెట్టేస్తారు. పడమట వసారా, కప్పు మీద తెల్ల పూత తప్పనిసరి అనుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. డబ్బుంటే గాలి ఆడేలా పైన రెండో కప్పు వేయించుకోండి, అంతకు మించింది లేదు. వంటగది గోడల్లో మాత్రం ఫోమ్ వద్దు, అది నిప్పుకు అంటుకుంటుంది. రాక్‌వూల్ (నిప్పంటని రాతి ఉన్ని) నింపి సిమెంటు బోర్డు వేయమనండి.

తేలిగ్గా ఉండే ఇంటికి గాలే శత్రువు. ప్లాస్టరుతో సహా తొమ్మిదంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది, 50 మిల్లీమీటర్ల ప్యానెల్ పది పన్నెండు కిలోలే. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో డిజైన్‌కు మూలమైన గాలి వేగం విశాఖ, విజయవాడ, నెల్లూరులకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44. హైదరాబాదు లెక్కతో చేసిన ఇల్లు తెచ్చి భీమిలిలో పెడతానంటే ఒప్పుకోకండి, 2014లో హుద్‌హుద్ ఎలా వీచిందో అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మీ ఊరి గాలి వేగం రాసి, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన లెక్కలు తీసుకోండి. సముద్రానికి దగ్గరైతే ఉక్కు మీద జింకు పూత చదరపు మీటరుకు 275 గ్రాములు ఉండాలి, కోసిన అంచులకూ రంధ్రాలకూ మళ్ళీ పూత వేయించాలి.

ఈ తేలికదనమే కొందరికి వరం. పాత ఇంటి మీద కొడుకు కోసం ఇంకో అంతస్తు వేయాలి, పునాది ఆపదేమోనని ఆగిపోయినవాళ్ళు పలకల రకం గురించి ఆలోచించవచ్చు. ముందు ఇంజనీరు పాత స్తంభాలు, శ్లాబు పరీక్షించి రాసివ్వాలి.

కొటేషన్, డబ్బు, పర్మిషన్

రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా ఎక్కువగా రాయని వాటిలోనే ఉంటుంది. పునాది, రవాణా, క్రేన్ కిరాయి, జీఎస్టీ, మెట్లు, సెప్టిక్ ట్యాంకు, మీటరు దాకా కేబులు, వసారా వీటిలో ఏవి కలిశాయో ఒక్కో వరసలో రాయించండి. "ఇల్లు మొత్తం" అనే మాటకు కంపెనీ దృష్టిలో పునాది పైనున్నదే అర్థం.

అప్పు తీసుకునేవాళ్ళు బ్యాంకుకు ముందే వెళ్ళండి. బ్యాంకు గృహరుణాన్ని పునాది, గోడలు, శ్లాబు అని దశలవారీగా, స్థలంలో పని చూసి ఇస్తుంది. ఫ్యాక్టరీకి సగానికి పైగా డబ్బు ముందే కావాలి, అప్పటికి మీ స్థలంలో చూపించడానికి పునాది తప్ప ఏమీ ఉండదు. ఈ ముడి విప్పుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. కొన్ని బ్యాంకులు పేర్చే ఇళ్ళకు అప్పు ఇవ్వడానికే వెనకాడతాయి. కంపెనీకి ఇచ్చే డబ్బును కూడా దశలకు కట్టండి: డ్రాయింగు, ఫ్రేము పూర్తి, ఫ్యాక్టరీలో మీ తనిఖీ, స్థలంలో నిలబెట్టడం. చివరి పది శాతం మొదటి వానాకాలం దాటాకే ఇస్తానని ఒప్పందంలో రాయించుకోండి. ఒప్పుకోని కంపెనీకి తన అతుకుల మీద తనకే నమ్మకం లేదని నా లెక్క.

"బోల్టులతో బిగించింది, విప్పుకుపోవచ్చు, పర్మిషన్ ఎందుకు?" అనే మాట చాలామంది నోట వింటారు. ఆ మాట పట్టుకుని దిగితే రేపు మీటరు దగ్గరా ఇంటి పన్ను దగ్గరా అడ్డం పడుతుంది. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా మామూలు ఇంటికి ఏం కావాలో దీనికీ అవే. పొలంలో కట్టుకుంటే భూమి వాడకం మార్పు సంగతి కూడా తేల్చుకోండి, రెండు రాష్ట్రాల్లో నియమాలు ఒకటి కావు.

పునాది

సమయం మిగిలేది ఇక్కడే. మామూలు ఇంట్లో పునాది అయ్యాకే గోడ, గోడ అయ్యాకే శ్లాబు, శ్లాబు కింద సెంట్రింగు విప్పడానికి వారమో రెండు వారాలో ఆగాలి, నీళ్ళు పడుతూ ఉండాలి. ఇక్కడ మీ స్థలంలో పునాదికి నీళ్ళు పడుతున్న రోజుల్లోనే ఫ్యాక్టరీలో గోడలకు రంగులు పడుతుంటాయి. రెండూ ఒకేసారి నడవకపోతే మాడ్యులర్‌లో ఉన్న తొందరంతా పోయినట్టే. కార్తీకంలో వానలు వెనకబట్టాక పునాది తవ్వితే వైశాఖంలో గృహప్రవేశ ముహూర్తానికి కంగారు ఉండదు.

నల్లరేగడి నేల అయితే ఇల్లు తేలిక కదా అని పునాదిలో పొదుపు చేయకండి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. బరువున్న ఇల్లు ఆ ఉబ్బును కొంత తొక్కిపెడుతుంది, తేలికైనది లేచి కూర్చుంటుంది, పెట్టెల అతుకులు విడతాయి. అడుగున గడ్డలా ఉబ్బుగా ఉండే అండర్‌రీమ్డ్ పైళ్ళు ఇలాంటి నేలకోసమే ఉన్నాయి. మట్టి పరీక్ష చేయించి ఇంజనీరు చెప్పినట్టు వెళ్ళండి.

ఇక మేస్త్రీతో తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆయన అలవాటులో అరంగుళం తేడా తేడా కిందకే రాదు, ప్లాస్టరులో కలిసిపోతుంది. ఇక్కడ ప్లాస్టరు లేదు. పెట్టె అడుగున ఉన్న రంధ్రంలోకి పునాదిలో పాతిన యాంకర్ బోల్టు సూటిగా దిగాలి, కొన్ని మిల్లీమీటర్లు తప్పినా క్రేన్ గాలిలో బరువు పట్టుకుని నిలబడే ఉంటుంది. అందుకని కాంక్రీటు పోసే ముందు మీరే టేపు పట్టండి. మన 24, 32 అడుగుల ఇంటికి మూల నుంచి మూలకు సరిగ్గా 40 అడుగులు రావాలి. రెండో మూల నుంచి కూడా 40 రావాలి. ఒకటి 40 అడుగుల అంగుళం, రెండోది అంగుళం తక్కువ వచ్చిందంటే పునాది పక్కకు వాలిందన్నమాట. తర్వాత నీళ్ళ ట్యూబుతో నాలుగు మూలలూ, మధ్య ఆధారాలూ మట్టం చూడండి. బోల్టులను విడివిడిగా నిలబెట్టనివ్వకండి. కంపెనీ ఇచ్చే ఉక్కు టెంప్లేటులో బిగించి, కాంక్రీటు గట్టిపడేదాకా కదలకుండా ఉంచమనండి. వాటి మరలకు గ్రీజు రాసి ప్లాస్టిక్ కవరు చుట్టేస్తే సిమెంటు అంటదు.

ఫ్యాక్టరీకి రెండుసార్లు వెళ్ళండి

మొదటిసారి గోడలు మూయకముందు. ప్రతి గోడకూ టేపు ఆనించి పెట్టి ఫొటో తీయండి. వైరు ఎక్కడ, పైపు ఎక్కడ, బరువులకు వేసిన పట్టీ ఎక్కడ అన్నది అందులో కనిపించాలి. గీజరు పట్టీ మర్చిపోయి ఉంటే ఇప్పుడు ఐదు నిమిషాల పని.

రెండోసారి బండెక్కే ముందు. నీటి పైపులను ఒత్తిడితో నింపి ఒక రాత్రి ఉంచమని ముందే చెప్పి, పొద్దున ఒత్తిడి మీటరు ముల్లు కదిలిందో లేదో మీ కళ్ళతో చూడండి. బాత్‌రూమ్ నేల మీద బకెట్టు నీళ్ళు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. తలుపులన్నీ తీసి వేయండి. పెట్టె బరువు ఎంతో కాటా వేయించిన చీటీ అడగండి, క్రేన్ వాడికి అది కావాలి.

క్రేన్ రోజు

12 టన్నుల క్రేన్ అంటే ఎక్కడైనా 12 టన్నులు లేపుతుందనుకోకండి. చెయ్యి చాచేకొద్దీ లేపగల బరువు తగ్గిపోతుంది. క్రేన్ నిలబడే చోటు నుంచి చివరి పెట్టె మధ్యకు ఎంత దూరమో కొలిచి, పెట్టె బరువుతో కలిపి ఆపరేటర్‌కి ముందే చెప్పండి. కిరాయి షిఫ్టు లెక్కన ఉంటుంది కాబట్టి బండ్లు వరసగా, దూరపు పెట్టె ముందు వచ్చేలా ఏర్పాటు చేసుకోవాలి. గాలి ఉంటే ఆపేయండి, ముహూర్తం దాటిపోయినా సరే. పిల్లలనూ చుట్టాలనూ తాడు అవతలే ఉంచండి. శ్లాబు రోజున పాతికమంది కూలీలకు భోజనాలు పెట్టే సందడి ఇందులో లేదు. నలుగురైదుగురికి బిర్యానీ తెప్పిస్తే సరిపోతుంది, అదేదో వెలితిలా అనిపిస్తుందని పెద్దవాళ్ళు అంటారు, నిజమే.

మూడు పెట్టెలూ కూర్చున్నాక అతుకులు మూసే పని మొదలవుతుంది. దీన్ని చీకటిపడ్డాక హడావిడిగా చేయనివ్వకండి. కప్పు మీది అతుకుకు సీలెంటు ఒక్కటే పూస్తే రెండు వేసవులకు ఎండి పగులుతుంది. దాని మీద అతుకును కప్పే రేకు పట్టీ (ఫ్లాషింగు) రెండు వైపులా వాలుగా దిగాలి. మర్నాడు కప్పు మీద ఒక్కో అతుకు దగ్గర హోస్‌పైపుతో పావుగంట నీళ్ళు కొట్టించి, లోపల టార్చి వేసి సీలింగు చూడండి. తడి కనిపిస్తే గుర్తు పెట్టి ఫొటో తీసి అక్కడే సరిచేయించండి. ఆ తర్వాతే లోపలి సీలింగు పట్టీలు మూయనివ్వండి.

ఎర్తింగు మర్చిపోకండి, ఉక్కు ఇంటికి అది మరీ ముఖ్యం. ఎలక్ట్రీషియన్‌తో ప్రతి పెట్టె ఫ్రేమునూ ఎర్తుకు కలిపించి మీటరు పెట్టి చూపించమనండి.

గృహప్రవేశం అయ్యాక గోడల ఫొటోలు, డ్రాయింగులు, సీలెంటు పేరు, రంగు నంబరు ఒక ఫైలులో పెట్టి, ఫోనులోనూ ఉంచుకోండి. కేబుల్ వాడు డ్రిల్లు మిషనుతో వచ్చినప్పుడు గోడ చూపించే ముందు ఆ ఫొటో చూపించండి. ఏటా మృగశిర కార్తె లోపు కప్పు అతుకులు చూసుకోండి. మొదటి వానాకాలం గడిచి, ఎక్కడా కారలేదని తేలాక, ఆపి ఉంచిన ఆ పది శాతం చెక్కు రాయండి.